సీఆర్ఏ అవార్డుకి నామినేషన్: నా అనుభవం

అమెరికాలోనో కెనడాలోనో కంప్యూటర్ సైన్స్ బీఎస్ చదువుతూ, పీహెచ్‌డీ ఆలోచన ఉన్న పిల్లల చెవిన ఎప్పుడో ఒకప్పుడు పడే పేరు సీఆర్ఏ అవుట్‌స్టాండింగ్ అండర్‌గ్రాడ్యుయేట్ రీసెర్చర్ అవార్డు. వాషింగ్టన్‌లోని కంప్యూటింగ్ రీసెర్చ్ అసోసియేషన్ దీన్ని 1990ల నుంచి ఇస్తోంది. మైక్రోసాఫ్ట్ ఒక ఏడాది, మిత్సుబిషి ఎలక్ట్రిక్ వాళ్ల రీసెర్చ్ ల్యాబ్ మరో ఏడాది స్పాన్సర్ చేస్తూ వచ్చాయి. ఒకప్పుడు నా ఫైలు నేను కట్టుకున్నాను, తర్వాత పిల్లల ఫైళ్లు దిద్దాను, డిపార్ట్‌మెంట్ తరఫున ఎవర్ని పంపాలో తేల్చే మీటింగుల్లోనూ కూర్చున్నాను. ఆ మూడు చోట్ల నుంచి తెలిసింది ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా ఒక సంగతి. ఈ అవార్డుకి మీరు అప్లై చేయలేరు. మీ పేరు మీ డిపార్ట్‌మెంట్ పంపాలి, డిపార్ట్‌మెంట్ హెడ్ అయిన చైర్ ఆమోదించాలి. ఒక్కో డిపార్ట్‌మెంట్ పంపగలిగేది వేళ్ల మీద లెక్కపెట్టేంత మందినే. కాబట్టి అసలు పోటీ రెండుసార్లు జరుగుతుంది: మొదట మీ డిపార్ట్‌మెంట్ లోపల, తర్వాత ఉత్తర అమెరికా అంతటితో. చాలామంది రెండోదాని గురించే కంగారుపడి మొదటిదాని తేదీ దాటేస్తారు. సీఆర్ఏ గడువు ఫాల్ సెమిస్టర్‌లో (ఆగస్టు నుంచి డిసెంబర్ దాకా నడిచేది) ఉంటుంది, డిపార్ట్‌మెంట్ లోపలి గడువు దానికి మూడు నాలుగు వారాల ముందే ముగుస్తుంది. ఆ లోపలి తేదీ సీఆర్ఏ సైట్‌లో కనబడదు. ఆగస్టు చివర్లో అండర్‌గ్రాడ్ అడ్వైజింగ్ ఆఫీసుకి ఒక ఈమెయిల్ పెట్టి, "ఈ ఏడాది సీఆర్ఏ నామినేషన్లు ఎవరు చూస్తున్నారు, లోపలి గడువు ఎప్పుడు" అని అడగడం ఒక్కటే దారి. కొన్ని డిపార్ట్‌మెంట్లలో పిలుపు అంటూ ఏదీ రాదు. ఎవరో ఒక ప్రొఫెసర్ గుర్తుపెట్టుకుని పేర్లు అడిగితే అడిగినట్టు.

పీహెచ్‌డీ ఇచ్చే యూనివర్సిటీలకు ఒక విభాగం, ఇవ్వని కాలేజీలకు వేరే విభాగం ఉంటుంది. హార్వీ మడ్, విలియమ్స్ లాంటివి రెండో కోవలోకి వస్తాయి. చిన్న కాలేజీలో చదువుతున్నాం కదా, పెద్ద ల్యాబులున్న వాళ్లతో ఏం నెగ్గుతాం అని వెనక్కి తగ్గనక్కర్లేదు, మీ పోటీ వాళ్లతో కాదు. ఫలితాల్లో విజేతలు, రన్నరప్‌లు, ఫైనలిస్టులు, ఆనరబుల్ మెన్షన్ అని నాలుగు మెట్లుంటాయి. పై మెట్టు మీద కొద్దిమందే ఉంటారు, కింది మెట్టు మీద చాలామందికి చోటుంటుంది. ఆ కింది మెట్టు కూడా పీహెచ్‌డీ అడ్మిషన్ కమిటీలకు బాగా తెలిసిన పేరే.

జీపీఏ (4.0కి లెక్కగట్టే మార్కుల సగటు) గురించి మన ఇళ్లలో ఉన్నంత బెంగ ఈ కమిటీకి లేదు. చదువు రికార్డు చూస్తారు, తోటివాళ్లకీ సమాజానికీ చేసిన పనీ చూస్తారు, కానీ తూకం వేసేది రీసెర్చ్‌నే. మీటింగులో 4.0 ఉన్న ఫైలు పక్కకి వెళ్లి 3.7 ఉన్నది ముందుకి రావడం మామూలే. ఆ 3.7 ఫైలు చదివాక "ఈ అమ్మాయి లేకపోతే ఈ పని జరిగేది కాదు" అని అర్థమవుతుంది. ఆ 4.0 ఫైలు చదివాక మంచి ల్యాబ్‌లో మంచి స్టూడెంట్ ఉన్నాడని మాత్రమే తెలుస్తుంది. ఫైలులోని ప్రతి కాగితం జవాబివ్వాల్సిన ప్రశ్న ఒక్కటే: ఇందులో నీ చేత్తో చేసిందేమిటి?

రీసెర్చ్ ఎప్పుడు మొదలుపెట్టాలన్నది వెనక నుంచి లెక్కపెడితే తెలుస్తుంది. ఫైలు వెళ్లేది నాలుగో ఏడాది ఫాల్‌లో. అప్పటికి చెప్పుకోదగ్గ ఫలితం చేతిలో ఉండాలంటే మూడో ఏడాది తర్వాతి వేసవి ఆఖరి అవకాశం. రెండో ఏడాదిలో మొదలుపెట్టిన వాళ్లకి ఒక ప్రాజెక్టు చెడిపోయినా ఇంకోటి పట్టుకునే వ్యవధి ఉంటుంది. మొదటి ప్రాజెక్టు చెడిపోవడం రీసెర్చ్‌లో వింతేమీ కాదు.

మన వాళ్లకి వీసా చిక్కు ఒకటి. నాకు తెలిసినంతవరకు ఈ అవార్డుకి పౌరసత్వం అడ్డు కాదు, ఉత్తర అమెరికా కాలేజీలో అండర్‌గ్రాడ్‌గా ఉండటమే కావాలి. కానీ అవార్డు దాకా తీసుకెళ్లే మెట్లకి మాత్రం అడ్డుంది. ఎన్‌ఎస్‌ఎఫ్ (సైన్స్ పరిశోధనకి నిధులిచ్చే అమెరికా ప్రభుత్వ సంస్థ) డబ్బుతో నడిచే ఆర్ఈయూ అనే అండర్‌గ్రాడ్ రీసెర్చ్ వేసవి ప్రోగ్రాములు పౌరులకి, గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకే. ఎఫ్-1 స్టూడెంట్ వీసా మీద ఉన్నవాళ్లు ప్రొఫెసర్ దగ్గర వేరే నిధుల మీద పని చేయొచ్చు. క్యాంపస్‌లో సెమిస్టర్ నడుస్తుండగా వారానికి 20 గంటలు దాటకూడదు, సెలవుల్లో పూర్తి సమయం చేయొచ్చు. హెచ్-4 (హెచ్-1బీ ఉద్యోగుల కుటుంబాలకిచ్చే వీసా) మీద పెరిగిన పిల్లల పరిస్థితి ఇంకా ఇరుకు. హెచ్-4 వాళ్లకిచ్చే వర్క్ పర్మిట్ భార్యాభర్తలకే గానీ పిల్లలకి రాదు, కాబట్టి జీతం తీసుకోకూడదు. వాళ్లకి నికరమైన దారి ఇండిపెండెంట్ స్టడీ కింద క్రెడిట్ల కోసం చేయడం. ట్రాన్‌స్క్రిప్ట్ మీద రీసెర్చ్ అని కోర్సు పేరుతో సహా కనబడటం ఇందులో కలిసొచ్చే లాభం. ఏ దారిలో వెళ్లినా ముందు ఇంటర్నేషనల్ ఆఫీసుని అడిగి, జవాబు ఈమెయిల్ రూపంలో దగ్గర ఉంచుకోండి.

ఫైలులో ఉండేవి: మీరు రాసే రీసెర్చ్ సమ్మరీ, రెజ్యూమే, ట్రాన్‌స్క్రిప్ట్, ప్రొఫెసర్ల లెటర్లు, నామినేషన్ ఫారం. సగం సమయం సమ్మరీకి, మిగతా సగంలో ఎక్కువ భాగం లెటర్లకి పోవాలి.

సమ్మరీ పేజీ పరిమితి ఆ ఏడాది నోటీసులో ఏముంటే అదే, ఒక్క లైను కూడా దాటకూడదు. 11 పాయింట్ అక్షరం, నాలుగు వైపులా అంగుళం మార్జిన్ పెడితే పేజీకి 500 నుంచి 550 మాటలు పడతాయి. ఇరికించడం కోసం మార్జిన్ తగ్గించిన కాగితం చూడగానే తెలిసిపోతుంది. చదివేవాళ్లు రకరకాల యూనివర్సిటీల ప్రొఫెసర్లు. మీది కంపైలర్లయితే చదివేది రోబోటిక్స్ ఆవిడ కావచ్చు, ఆవిడ ముందు ఇంకా బోలెడు ఫైళ్లుంటాయి. సమస్య ఏమిటో, ఎవరికి ఇబ్బందో మొదటి నాలుగైదు లైన్లలో వేరే రంగం వాళ్లకి అర్థమయ్యేలా చెప్పాలి. అంతకుముందు ఏం చేసేవారో రెండు మూడు లైన్లు చాలు. సగం పైగా స్థలం మీరు చేసిన పనికి ఇవ్వాలి. ఫలితానికి ఒక పేరా, తర్వాత ఏం చేయబోతున్నారో మూడు లైన్లు. బొమ్మ పెడితే పావు పేజీ తినేస్తుంది. మీరే గీసిన గ్రాఫ్ అయి, వంద మాటల పని చేస్తేనే పెట్టండి.

ఎక్కువగా వచ్చే సమ్మరీ ఎలా ఉంటుందో చూపిస్తాను. ఉదాహరణ నేను అల్లిందే, తీరు మాత్రం అచ్చం ఇలాగే ఉంటుంది:

"డిస్ట్రిబ్యూటెడ్ క్యాష్‌ల వేగం పెంచడానికి మా ల్యాబ్‌లో మేము ఒక కొత్త పద్ధతి ప్రతిపాదించాం. విస్తృతంగా ప్రయోగాలు చేసి, ఇప్పుడున్న పద్ధతుల కన్నా మెరుగైన ఫలితాలు సాధించాం. ఈ పేపర్‌కి నేను రెండో ఆథర్‌ని."

ఇది పేపర్ అబ్‌స్ట్రాక్ట్‌కి నకలు. ఇందులో మనిషి లేడు. అదే పని ఇలా రాయొచ్చు:

"వేగం ఎందుకు పడిపోతోందో వెతికే పని నాకు అప్పగించారు. అప్పటిదాకా అందరి అనుమానం నెట్‌వర్క్ మీద. ప్రొఫైలర్ పెట్టి చూస్తే, క్యాష్ నిండినప్పుడు ఏ ఐటం తీసేయాలో తేల్చే చోట థ్రెడ్‌లన్నీ ఒకే లాక్ కోసం క్యూ కడుతున్నాయని తేలింది. లాక్ అక్కర్లేని క్యూ ఒకటి డిజైన్ చేసి రాశాను. అది 8 థ్రెడ్‌ల దాకా బాగా నడిచి, 16 దగ్గర పాతదానికన్నా నెమ్మదించింది. రెండు వారాల తర్వాత కారణం దొరికింది: వేర్వేరు థ్రెడ్‌లు మార్చే రెండు కౌంటర్లు ఒకే 64 బైట్ల క్యాష్ లైన్‌లో కూర్చున్నాయి. ఒకరు రాస్తే రెండోవాళ్ల కాపీ చెల్లకుండా పోతోంది. మధ్యలో ఖాళీ బైట్లు నింపి విడదీశాక 32 థ్రెడ్‌ల దాకా వేగం పెరుగుతూ వచ్చింది. ఏ ఐటం తీసేయాలన్న అల్గారిదమ్ నాది కాదు, మా ల్యాబ్ పీహెచ్‌డీ స్టూడెంట్‌ది. దాన్ని ఏకకాలంలో ఇన్ని థ్రెడ్‌లతో నడపగలగడం నా భాగం."

రెండోది పొడుగు ఎక్కువే. కానీ ఇది చదివినవాళ్లకి ఈ స్టూడెంట్ ఎలా ఆలోచిస్తాడో, దారి తప్పితే ఏం చేస్తాడో తెలుస్తుంది. ఆఖరి రెండు వాక్యాలు రాయడానికి పిల్లలు భయపడతారు. "నాది కాదు" అని రాస్తే తగ్గిపోతామని అనుకుంటారు. ఏది మీది కాదో చెప్పాకే ఏది మీదన్న మాట నమ్ముతారు.

"మేము" గురించి ఇంకో మాట. నేను చేశాను అని చెప్పుకోవడం గొప్పలు పోవడమని మనకి చిన్నప్పుడే నేర్పిస్తారు. పేపర్లలోనూ "మేము" అనే రాస్తారు. ఈ రెండూ కలిసి సమ్మరీ అంతా "మేము"తో నిండిపోతుంది. రాయడం అయ్యాక రంగు పెన్ను పట్టుకుని ప్రతి "మేము" చుట్టూ సున్నా చుట్టండి. ఒక్కొక్కటి దగ్గర ఆగి, ఇది టీమ్ అంతా కలిసి చేసిందా, నేనొక్కడినే చేసిందా, నేను అసలు లేనిదా అని అడగండి. మొదటి రకం ఉండనివ్వండి, రెండోది "నేను"గా మార్చండి, మూడోది కొట్టేయండి లేదా ఎవరు చేశారో చెప్పండి.

మూడు ప్రాజెక్టులు చేసిన వాళ్లు మూడింటికీ సమానంగా పేజీ పంచుతారు. అలా పంచితే ఒక్కటీ లోతుగా తెలియదు. ఒకదాన్ని పూర్తిగా చెప్పి, మిగతావాటికి రెండేసి లైన్లు ఇస్తే చాలు.

ఇక లెటర్లు. ప్రధానమైనది మీ రీసెర్చ్ గైడ్‌దే. రెండోది కూడా మీ రీసెర్చ్ దగ్గరగా చూసినవాళ్ల నుంచి రావాలి: వేరే ప్రాజెక్టు ప్రొఫెసర్, వేసవిలో పనిచేసిన చోటి సైంటిస్ట్, ఇలా. "నా ఆపరేటింగ్ సిస్టమ్స్ క్లాసులో 180 మందిలో ఏ గ్రేడ్ వచ్చింది" అనే లెటర్ మర్యాదగా ఉంటుంది గానీ ట్రాన్‌స్క్రిప్ట్ చెప్పిందే మళ్లీ చెబుతుంది.

పెద్ద ల్యాబుల్లో అసలు కష్టం ఇది: మీతో రోజూ పనిచేసేది పీహెచ్‌డీ స్టూడెంట్, లెటర్ రాసేది వారానికి అరగంట మిమ్మల్ని గ్రూపులో చూసే ప్రొఫెసర్. ఆయనకి మీరు తెలివైనవాళ్లని తెలుసు, ఏం చేశారో వివరంగా తెలియదు. ఫలితంగా "చురుకైనవాడు, కష్టపడతాడు" అన్న లెటర్ వస్తుంది. దీనికి మందు, ఆ పీహెచ్‌డీ స్టూడెంట్‌ని ఒక పేజీ నోట్స్ రాసి ప్రొఫెసర్‌కి పంపమని అడగడం. ఇది అక్కడ మామూలు పద్ధతే, ఎవరూ తప్పు పట్టరు. బలమైన లెటర్లలో పోలిక ఉంటుంది, "గత పదేళ్లలో నాతో పనిచేసిన అండర్‌గ్రాడ్‌లలో మొదటి ఇద్దరిలో ఒకరు" లాంటిది. అలా రాయమని మీరు అడగలేరు. అలా రాయడానికి కావలసిన సరుకు మాత్రం అందించగలరు.

అడగడం దగ్గరే మనవాళ్లు ఆగిపోతారు. "సార్ తనంతట తాను అనాలి గానీ మనం ఎలా అడుగుతాం" అని నెల రోజులు గడిపేస్తారు. సార్‌కి ఆ నెలలో గ్రాంట్ గడువు, రెండు పేపర్లు, క్లాసు ఉంటాయి. ఈ అవార్డు ఉందన్న సంగతే మర్చిపోయి ఉంటాడు. కనీసం ఐదారు వారాల ముందు ఐదు లైన్ల ఈమెయిల్ చాలు: ఈ ఏడాది సీఆర్ఏ నామినేషన్‌కి నా పేరు పరిశీలించదగ్గదని మీకు అనిపిస్తుందా; లోపలి గడువు ఫలానా తేదీ; సమ్మరీ డ్రాఫ్ట్, రెజ్యూమే జతచేశాను; గట్టిగా రాయగలనని అనిపించకపోతే మొహమాటం లేకుండా చెప్పండి; పది నిమిషాలు కలవడానికి ఎప్పుడు వీలు. నాలుగో మాట తప్పకుండా ఉండాలి. ప్రొఫెసర్ కాస్త తటపటాయిస్తే అది జవాబే, ఇంకొకరిని చూసుకోవడానికి ఇంకా టైముంటుంది.

సరేనన్నాక ఒకే ఈమెయిల్‌లో అన్నీ పంపండి: సమ్మరీ, రెజ్యూమే, పేపర్ల లింకులు, లెటర్ ఎక్కడ ఎవరికి పంపాలో, గడువు ఏ టైమ్ జోన్‌లోనో, వీటితోపాటు తేదీలతో సహా నాలుగైదు సంఘటనలు. "మార్చి రెండో వారం గ్రూప్ మీటింగులో పాత బేస్‌లైన్ కోడ్‌లో బగ్ ఉందని చూపించాను, దాంతో రెండో పట్టిక అంతా మళ్లీ నడిపాం" లాంటివి. విశేషణాలు పంపకండి, అవి ఆయన వేసుకుంటాడు. లెటర్ చూసే హక్కు వదులుకుంటున్నారా అని ఫారంలో అడుగుతారు. వదులుకోండి. విద్యార్థుల రికార్డులకి సంబంధించిన 1974 నాటి ఫెర్పా చట్టం కింద ఆ హక్కు మీకుంది, కానీ మీరు చూడగలిగే లెటర్‌కి విలువ తగ్గుతుంది.

ఫైళ్లు కూలిపోయేది ఎక్కువగా ఒక్కచోటే: సమ్మరీకీ లెటర్‌కీ పొంతన లేకపోవడం. మీరు "అల్గారిదమ్ డిజైన్ చేశాను" అంటారు, ప్రొఫెసర్ "మా పీహెచ్‌డీ స్టూడెంట్ డిజైన్ చేసినదాన్ని చక్కగా అమలు చేసింది" అంటాడు. ఇద్దరూ అబద్ధం చెప్పలేదు, డిజైన్ అన్న మాటకి చెరో అర్థం ఉంది, అంతే. కమిటీలో చదివేవాళ్లకి మాత్రం అది గొప్పలుగానే కనిపిస్తుంది, అక్కడితో సరి. అందుకే లెటర్ రాయకముందే సమ్మరీ ప్రొఫెసర్‌కీ పీహెచ్‌డీ స్టూడెంట్‌కీ చూపించి, "ఇందులో నేను ఎక్కువ చెప్పిన చోటు ఏదైనా ఉందా" అని అడగాలి. ఒక్కోసారి తక్కువ చెప్పిన చోటు కూడా వాళ్లే పట్టిస్తారు.

రెజ్యూమేలో పేపర్ల దగ్గర మాటలు కొలిచి వాడాలి. రాస్తున్నది, పంపినది, రివ్యూలో ఉన్నది, అంగీకరించినది, అచ్చయినది వేర్వేరు. పంపని పేపర్‌ని పంపామని రాస్తే లెటర్‌లో దొరికిపోతుంది. థియరీలో ఆథర్ల పేర్లు అక్షరక్రమంలో ఉంటాయి, సిస్టమ్స్, మెషీన్ లెర్నింగ్‌లలో ఎవరెంత పని చేశారన్నదాన్ని బట్టి. ఇంటిపేరు "వై"తో మొదలయ్యే థియరీ స్టూడెంట్ ఎప్పుడూ చివరే ఉంటాడు. పేర్లు అక్షరక్రమమని పక్కన ఒక్క ముక్క రాయకపోతే వేరే రంగం వాళ్లు పొరపడతారు. హైస్కూల్ స్పెల్లింగ్ బీ, కూచిపూడి అరంగేట్రం తీసేయండి. లైబ్రరీలో పిల్లలకి ఏడాది పాటు కోడింగ్ చెప్పినా, మనబడిలో రెండేళ్లు తెలుగు చెప్పినా అది సేవ కింద ఒక లైను.

పేరు విషయం మన వాళ్లకి ప్రత్యేకమైన తలనొప్పి. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఒక్కటే నింపి ఉంటే అమెరికా వీసా మీద మొదటి పేరు స్థానంలో ఎఫ్‌ఎన్‌యూ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్, అంటే మొదటి పేరు తెలియదు) అని పడుతుంది, అదే యూనివర్సిటీ రికార్డులోకి ఎక్కుతుంది. ట్రాన్‌స్క్రిప్ట్ మీద ఒక పేరు, పేపర్ మీద ఇంకో పేరు, లెటర్‌లో ప్రొఫెసర్ పిలిచే పొట్టిపేరు. చదివేవాళ్లకి ఇవన్నీ ఒకే మనిషివని తెలియాలి కదా. మొదటి పేపర్‌కి ముందే ఒక రూపం ఖాయం చేసుకుని, ఆర్కిడ్ ఐడీ (రీసెర్చ్ చేసేవాళ్లని గుర్తించే నంబరు) తీసుకుని, రెజ్యూమే పైన "ట్రాన్‌స్క్రిప్ట్ మీద పేరు" అని ఒక లైను పెట్టండి. లెటర్ రాసేవాళ్లకీ ఏ పేరు వాడాలో చెప్పండి.

ట్రాన్‌స్క్రిప్ట్ చిన్న పనే గానీ ఆఖరి రాత్రి ఏడిపించేది ఇదే. రిజిస్ట్రార్ ఇచ్చే సర్టిఫైడ్ పీడీఎఫ్‌కి డిజిటల్ సంతకం ఉంటుంది. దాన్ని వేరే ఫైళ్లతో కలపబోతే కలవదు, కలిసినా సంతకం చెల్లదు. అధికారికమైనదే కావాలా, పోర్టల్ నుంచి దించుకున్నది సరిపోతుందా అని వారం ముందే అడిగి తెలుసుకోండి. మీ మార్కులు బయటికి పంపడానికి డిపార్ట్‌మెంట్‌కి మీ రాతపూర్వక అనుమతి కావాలి, ఆ కాగితం మీద సంతకం లేక ఫైలు ఆగిపోయిన సందర్భాలూ ఉంటాయి.

అప్‌లోడ్ చేసేది మీరు కాదు, నామినేట్ చేసే ప్రొఫెసరో ఆఫీసువాళ్లో. కాబట్టి గడువుకి మూడు రోజుల ముందే అన్నీ వాళ్ల చేతిలో పెట్టి, వెళ్లిందా అని ఒకసారి మర్యాదగా అడగండి. ఫైలు పేరు "ఫైనల్ ఫైనల్ 3" అని ఉండకూడదు, మీ పేరూ అదేమిటో ఉండాలి.

ఫలితాలు చలికాలంలో వస్తాయి. డిసెంబర్ మొదటి సగంలో ముగిసే పీహెచ్‌డీ అప్లికేషన్లకి అవి అందకపోవచ్చు. ఏదైనా మెట్టు వస్తే అప్లై చేసిన చోట్లకి పోర్టల్‌లోనో గ్రాడ్ ఆఫీసుకి రెండు లైన్ల ఈమెయిల్‌తోనో తెలపండి. మెట్టు పేరు ఉన్నదున్నట్టు రాయండి, ఆనరబుల్ మెన్షన్‌ని "సీఆర్ఏ అవార్డు విజేత" అని రాయకండి, జాబితా అందరికీ కనిపిస్తుంది. డిపార్ట్‌మెంట్ దాకానే వెళ్లి ఆగిపోయినా, ఆ సమ్మరీ పీహెచ్‌డీ స్టేట్‌మెంట్‌లో సగమవుతుంది, అక్టోబర్‌లో రాసిన లెటర్‌నే ప్రొఫెసర్ డిసెంబర్‌లో పదీ పన్నెండు యూనివర్సిటీలకి పంపుతాడు. పంపేముందు "మొదటి పేరాలో అవార్డు నామినేషన్ అని ఉన్న వాక్యం మార్చారా సార్" అని గుర్తుచేయడం మర్చిపోకండి.